తల ఊపితేనే సెలవు

"ఈ కంకణగిరిలో నా మాటకు తల ఊపనివాడు లేడు!" అని ఒకానొక రాజ్యంలో పేరలింగమనే ఆస్థాన విదూషకుడు మీసం దువ్వేవాడు. వెంటనే గొంతు తగ్గించి, "ఒక్క మహారాజు తప్ప. ఆయన్నని లాభమేముంది, తల కదిలితేగా!" అనేవాడు.

సంగతేమిటంటే, రణధవళ మహారాజు అంబారీ దిగుతూ జారిపడ్డాడు. మెడ పట్టేసింది. "రాజకంఠం! కదిపితే ప్రమాదం," అని వైద్యశిఖామణి ఔభళాచార్యులు వెదురుబద్దలు పెట్టి బిగించి కట్టేశాడు. మూడు నెలలైంది. నొప్పి తగ్గకపోగా మెడ కొయ్యబారింది. రాజుకు మాత్రం ఆ కట్టంటే గర్వమే. "చూశారా, మా తల ఎవరికీ వంగదు!" అనేవాడు.

ఆ రాజ్యంలో సెలవు కావాలంటే రాజు తల ఊపాలి. నోటిమాట చెల్లదు. ఆషాఢంలో పుట్టింటికి వెళ్లిన కొత్త పెళ్లాం సింగారిని పేరలింగం శ్రావణంలో తెచ్చుకోవాలి. శ్రావణం పోయింది, భాద్రపదమూ పోయింది. రోజూ సాయంత్రం కోటగోడెక్కి అత్తారి ఊరి బాటకేసి చూసేవాడు. దుమ్ము లేస్తే ప్రాణం లేచొచ్చేది. తీరా చూస్తే గొర్రెలమంద.

ఇంతలో సింగారి కబురంపింది: "మీకని పాదుకే ఉంచిన బీరకాయలు ముదిరి పీచైపోయాయి. వీపు రుద్దుకోవడానికైనా వస్తారా?"

ఆ పూటే పేరలింగం తిన్నగా రాజు దగ్గరికెళ్లాడు.

"ప్రభూ, ఆచార్యులవారు వైద్యం చేస్తున్నది మీ మెడకా, మీ కిరీటానికా?"

"ఎంత మాట! రాజు మెడా బోయీ మెడా ఒకటేనా?"

"ఆయన వేళ్లనే అడుగుదాం. నేను ఓడితే మళ్లీ నోరెత్తను."

"ఇదేదో మంచి బేరమే," అన్నాడు రాజు.

ఔభళాచార్యులు పల్లకీ మోసే బోయీల ముఖం చూడడు. వాళ్లు తెర వెనక కూర్చుంటే, చెయ్యి మాత్రం చాచి తడిమి మందు చెబుతాడు. పేరలింగం రాజుగారి కట్టు విప్పి, గొంగళి కప్పి, ఆ తెర వెనక కూర్చోబెట్టాడు.

"మా బోయీకి మెడ పట్టేసింది స్వామీ!"

ఆచార్యులు నాలుగుచోట్ల నొక్కాడు. "చేతులు తిమ్మిరెక్కుతున్నాయా?"

"ఊహూఁ," అన్నాడు రాజు.

"ఎముకకేం కాలేదు. కాపడం పెట్టి, నువ్వులనూనె రాసి, మెల్లగా అటూ ఇటూ తిప్పమను. కదపకుండా ఉంచితే కొయ్యైపోతుంది, జాగ్రత్త!"

"మరి వెదురుబద్దలో?"

"బోయీకి బద్దలెందుకయ్యా?"

పేరలింగం తెర లాగేశాడు. ఆచార్యులు నిలువునా నీరైపోయాడు.

"చూశారా ప్రభూ, వేళ్లకు మెడ ఒకటే. కళ్లకే రెండు!"

"క్షమించండి మహారాజా," అన్నాడు ఆచార్యులు. "మీ మెడకేమైనా అయితే నా మెడ దక్కదని భయపడ్డాను."

రాజుకు నవ్వాగలేదు. నవ్వుతూ, "అబ్బా," అంటూ, మళ్లీ నవ్వాడు.

వారం తిరిగేసరికి నిండుకొలువులో పేరలింగాన్ని చూసి చక్కగా తల ఊపాడు. సింగారికి పట్టుచీర, రానూపోనూ పల్లకీ ఇప్పించి, "అది సరేగానీ, ఆ తెర వెనక వైద్యం నీకెలా తెలుసు?" అన్నాడు.

పేరలింగం నేలచూపులు చూశాడు. "కోటగోడ మీంచి బాటకేసి మెడ సాచీ సాచీ నాకూ పట్టేసింది ప్రభూ. పెళ్లాం కోసమని ఆచార్యులతో ఎలా చెప్పను? గొంగళి కప్పుకుని బోయీలా కూర్చున్నాను."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు. తగ్గగానే మళ్లీ గోడెక్కేవాణ్ణి."