ఏసురత్నం వేసిన గ్రాఫిక్స్ కార్డు

“మాస్టారూ, లినక్స్ మీద ఆటలాడటానికి ఏ గ్రాఫిక్స్ కార్డు మంచిది?” అని ఏసురత్నం అడిగాడు. మస్తాన్ మాస్టారి దగ్గర మూడేళ్లు కంప్యూటర్ పని నేర్చుకుని, బావ దానియేలుతో కలిసి చీరాలలో ఆటల సెంటరు పెట్టినవాడు అతను. ఎవరైనా విప్పి చూసుకోగలిగిన లినక్స్ మీదే తన మిషన్లు నడవాలని అతని పంతం. తీరా తెర మీద బొమ్మలు గీసే కొత్త కార్డు వేస్తే కారు పందెం ఆట ఈడ్చుకుంటూ నడుస్తోంది. సిస్టం నాలుగుసార్లు చెరిపి ఎక్కించినా అంతే. ఇక సెంటర్లో తాను ఉండనని ఆ ఉదయమే దానియేలు తేల్చేశాడు.

మాస్టారు ఏ కార్డు పేరూ చెప్పలేదు. చెప్పులు తొడుక్కుని అతని వెంట సెంటరుకి వచ్చారు.

“రండి మాస్టారూ. మా కారు పందెంలో నడిచెళ్లేవాడే ముందు చేరతాడు,” అన్నాడు దానియేలు. “అసలు నేను అనేదేంటంటే...”

“నువ్వాగు బావా! కార్డుదే తప్పు. మార్చేస్తే సరి.”

మాస్టారు మిషను ఆపి మళ్లీ వేయించారు. తెర నిండా గద్ద బొమ్మ వచ్చింది.

“ఇదెందుకు?”

“మొదలయ్యేటప్పుడు ఏవో అక్షరాలు పరిగెడతాయి కదండీ. చూడ్డానికి బాగోవని నేనే అడ్డం పెట్టాను,” అన్నాడు ఏసురత్నం, కాస్త గర్వంగానే.

“బొమ్మ తియ్యి.”

తీశాడు. అక్షరాలు వరసగా దిగాయి. మాస్టారు ఒక వరస మీద వేలు పెట్టి పైకి చదవమన్నారు. చదువుతుంటే ఏసురత్నం గొంతు తగ్గిపోయింది. కార్డుకి పని చెప్పాల్సిన ఫైలు ఒకటి దొరకలేదనీ, అందుకని కార్డుని పక్కన పెట్టాననీ సిస్టం రాసింది. ఆటలో రోడ్డూ కార్లూ అన్నీ ఇన్నాళ్లూ ప్రాసెసరే ఒంటరిగా గీస్తోంది. మిషను వేసిన ప్రతిసారీ గద్ద బొమ్మ వెనక సిస్టం ఆ మాటే రాస్తూ వచ్చింది.

ఫైలు తెచ్చి పెట్టడానికి పది నిమిషాలు పట్టలేదు. కార్లు రివ్వున దూసుకుపోయాయి.

“చూశావా బావా! ఇంక వెళ్లిపోతానన్న మాటెత్తకు,” అన్నాడు ఏసురత్నం.

దానియేలు తెర వంక చూడనేలేదు. “నా బాధ కార్డు గురించి కాదయ్యా...”

“ఇంకా ఏంటి బావా, నడుస్తోందిగా!”

మాస్టారు శిష్యుడి భుజం మీద చెయ్యి వేసి దానియేలు వైపు తిప్పారు.

“ఏసురత్నం, బొమ్మ తియ్యి,” అన్నారు.