కళ్ళు దాచే అవ్వ

కొండదారి మొదట్లో ఒక అవ్వ ఇప్పసారా దుకాణం నడిపేది. అక్కడ తాగాలంటే ముందు కళ్ళు తీసి ఇవ్వాలి. అవ్వ వాటిని మంచినీళ్ళు పోసిన ఇత్తడి గిన్నెలో వేసి, అరలో పెట్టి, అప్పుడు ముంత అందించేది. నిషా దిగాక ఎవరి కళ్ళు వాళ్ళకిచ్చి పంపేది. అందాకా తాగినవాళ్ళు అరుగు మీదే కూర్చుని పాటలు పాడుకునేవాళ్ళు, పోట్లాడుకునేవాళ్ళు, గుర్రుపెట్టి నిద్రపోయేవాళ్ళు. ఆ చుట్టుపక్కల అదేమంత వింత కాదు.

ఒక మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్ళు ఒకే గుర్రం మీద దిగారు. గుర్రం మొదటివాడిది. కొని వారం కాలేదు, దాని వేగం గురించి చెప్పుకోవడంతోనే వాడికి పొద్దు గడిచిపోతోంది. రెండోవాడు వాడి ప్రాణస్నేహితుడు. ఇద్దరూ కళ్ళిచ్చి మూడేసి ముంతలు పట్టించారు. నాలుగోది సగంలో ఉండగా గుర్రంవాడు తడుముకుంటూ లేచాడు.

"కూచోరా," అంది అవ్వ. "కళ్ళు లేకుండా కొండదారిలో ఎట్లా పోతావు?"

"వెనక వీడుంటాడుగా అవ్వా! మలుపొస్తే చెప్తాడు."

"వాడి కళ్ళూ నా దగ్గరే ఉన్నాయి కదరా!"

రెండోవాడు పకపకా నవ్వాడు. "నాకేం భయం? ముందు వీడుంటాడుగా!"

అవ్వకి ఒళ్ళు మండింది. కళ్ళెం పట్టుకుని లాగితే గుర్రం ఆగేదే. కానీ అరుగు మీదివాళ్ళు "భలే మొనగాళ్ళురా!" అని చప్పట్లు కొడుతున్నారు. ఇంతమందిలో నేనొక్కదాన్నే చెడ్డదాన్ని కావడం ఎందుకులే అనుకుని ఆమె చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ సంగతి తర్వాత ఎవరికీ చెప్పలేదు.

పొద్దుగూకే వేళకి గొర్రెలకాపరులు గుర్రంవాణ్ణి చెయ్యి పట్టి నడిపించుకొచ్చారు. వాడి మోకాళ్ళు చెక్కుకుపోయి ఉన్నాయి. మూడో మలుపు దగ్గర గుర్రం లోయలోకి జారిందని, వెనక కూర్చున్నవాడు రాళ్ళ మీద పడి అక్కడికక్కడే పోయాడని, పైకి తెచ్చి దారి పక్కన గొంగడి కప్పి వచ్చామని వాళ్ళు చెప్పారు. చప్పట్లు కొట్టినవాళ్ళు చేతుల్లో ముంతలు కింద పెట్టేశారు.

కుర్రాడికి నిషా పూర్తిగా దిగిపోయింది. అవ్వ అతని గిన్నె తెచ్చింది.

"వద్దవ్వా. నీ దగ్గరే ఉంచేసుకో. నేను చూడలేను."

"దిగాక దాచను నేను," అంది అవ్వ. అతని కళ్ళు అతనికి పెట్టింది. తర్వాత రెండో గిన్నె తెచ్చి అతని చేతుల్లో ఉంచింది. "ఇవి వాళ్ళమ్మకి నువ్వే ఇవ్వాలి. వాణ్ణి ఎక్కించుకుపోయింది నువ్వు. పోనిచ్చింది నేను. పద."

అరుగు మీదివాళ్ళని తను తిరిగొచ్చేదాకా కదలొద్దని చెప్పి, అవ్వ దుకాణానికి తలుపేసి అతని వెనకే నడిచింది.

అతను ప్రతి రాయీ చూసుకుని అడుగు వేశాడు. ప్రతి మలుపులోనూ ఆగి, అటూ ఇటూ చూసి కదిలాడు. గొంగడి పక్కనుంచి వెళ్ళేటప్పుడు కూడా గిన్నెలో నీళ్ళు చుక్క తొణకనివ్వలేదు. అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిచే మనిషిని అవ్వ తన జన్మలో చూడలేదు. అది చూసే ఆమెకి ఏడుపు ఆగలేదు.

ఊరి మొదటి ఇంటి గుమ్మంలో స్నేహితుడి తల్లి నిలబడి ఉంది. దూరం నుంచే కేకేసింది.

"నువ్వొక్కడివే వస్తున్నావేం నాయనా? మావాడేడీ? అన్నం చల్లారిపోతోంది!"

అతను తల దించుకున్నాడు. గిన్నెలో కళ్ళు మాత్రం ఆమెనే చూస్తున్నాయి.