ఒడ్డు నుంచి కేక

కుంజీకోయకు మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. ఆ పగడపు దీవుల్లో అన్నిటికంటే దక్షిణాన ఉన్న దీవికి వెళ్ళి, అక్కడే ఉండి పిల్లలకు చదువు చెప్పమని గురువు పూకోయ తంగళ్ ఆజ్ఞ. మిగతా దీవులన్నిటిదీ ఒకటే భాష. ఆ ఒక్క దీవిది మాత్రం వేరు.

"ఉస్తాద్, రెండు నెలల్లో మూడు వందల మాటలు బట్టీ పట్టాను. చాలుతాయా? నోరు తడబడితే నవ్వుతారేమో. నన్ను చూసి నవ్విన వాళ్ళు నా దగ్గరేం చదువుకుంటారు?"

"పడవెక్కు. తోడొస్తాను" అన్నాడా సూఫీ గురువు.

దారి పొడుగునా శిష్యుడు వల్లె వేస్తూనే ఉన్నాడు. దయ, పశ్చాత్తాపం, ఆత్మ, పరలోకం. అన్నీ గొప్ప గొప్ప మాటలే.

మర్నాడు మధ్యాహ్నానికి దీవి కనిపించింది. చుట్టూ పగడపు దిబ్బ, దాని మీద విరిగిపడే అలలు. లోపలికి పోవడానికి ఒక్కటే సందు, అదీ ప్రతి వానాకాలానికీ కాస్త జరుగుతుంది. అందుకని బయటి పడవ వస్తే ఒడ్డునున్న వాళ్ళు కేకేసి దారి చెప్పడం అక్కడి ఆనవాయితీ.

తంగళ్ చుక్కాని శిష్యుడి చేతికిచ్చి, ఓ పక్కన కూర్చుని తస్బీహ్ పూసలు తిప్పుకోసాగాడు.

ఒడ్డున కొబ్బరి పీచు నానబెడుతున్న ముసలామె లేచి ఏదో అరిచింది. కుంజీకోయకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! పరలోకానికి మాట వచ్చు గానీ, కుడిని ఏమంటారో, ఎడమని ఏమంటారో నేర్చుకోనే లేదు మహానుభావుడు.

"ఉస్తాద్! మీకు దారి తెలుసు కదా!"

"నలభై ఏళ్ళుగా వస్తున్నా. ఎప్పుడూ తెలీదు."

పడవ అడుగున రాయి గరగరా రాసుకుంది. కుంజీకోయ పై ప్రాణాలు పైనే పోయాయి. బట్టీ పట్టినవన్నీ గాలికి పోగా, తన భాషలోనే గొంతు చించుకున్నాడు.

"అమ్మా! మీ మాట నాకు రాదు! దారి చూపించు తల్లీ!"

ముసలామె పకపకా నవ్వింది. బట్ట ఎగదోపుకుని నడుంలోతు నీళ్ళలోకి వచ్చింది. ఒక మాట అని చెయ్యి ఇటు చూపింది, ఇంకో మాట అని అటు చూపింది. కుంజీకోయ తిరిగి అన్నాడు. తప్పు. మళ్ళీ నవ్వింది, మళ్ళీ చెప్పింది. ఈలోగా ఊళ్ళో పిల్లలంతా ఒడ్డుకు పరుగెత్తుకొచ్చి, ఆ రెండు మాటలే కేకలు పెట్టసాగారు. పడవ సందులోంచి మెల్లగా లోపలికి జారింది.

పడవ ఇసుకకు తగలగానే శిష్యుడు గురువు వైపు తిరిగాడు.

"చూశారా ఉస్తాద్, నవ్వారు."

తంగళ్ లేచి చుక్కాని అందుకున్నాడు.

"బడి మొదలైంది నాయనా. దిగు."