నీలిగుత్తి ఇరుకు కుండలోనే ఎందుకు పూస్తుంది

ఒకప్పుడు నీలిగుత్తి మొక్క ఒంటరిగా బతికేది. అగపాంథస్ అంటారే, అదే. నోరు తిరగనివాళ్లు నీలిగుత్తి అనండి, అదేమీ అనుకోదు. అప్పట్లో దానికి గుత్తీ లేదు, గిత్తీ లేదు. కాడకి ఒక్కటే పువ్వు. వేళ్లేమో తలవెంట్రుకలంత సన్నం.

ఆ రోజుల్లో ఒక చలికొండ మీద మంగతాయి అని ఒకావిడ ఉండేది. నోరు మిరపకాయ, చెయ్యి వెన్న. తిట్టకుండా ఒక్క మొక్కకీ నీళ్లు పోసేది కాదు. "తాగు, తాగి చావు!" అనే పోసేది. ఆ నీళ్లు మాత్రం ముందే ఎండలో పెట్టి, చలి విరిచి తెచ్చేది.

ఆవిడకి ఒక్కటే పిచ్చి. ఇరుకంటే గిట్టదు. నీలిగుత్తి పక్కన పిలక లేచిందంటే చాలు, కత్తి పట్టుకొచ్చి విడదీసేది. దానికో పెద్ద కుండ, కుండనిండా మెత్తటి మట్టి. "కాళ్లు బారజాపుకుని హాయిగా ఉండు!" అనేది.

హాయి ఎక్కడిది, పాపం! ఏటా మంచు వచ్చేది. ఒంటరి పిలక చుట్టూ ఉన్న ఖాళీ మట్టిలోకి జారి, సన్నటి వేళ్లని పటుక్కున కొరికేసేది. పొద్దున్నే మంగతాయి వచ్చి చూస్తే పిలక వాలిపోయి ఉండేది. "ఇంత చోటిచ్చినా బతకడం చేతకాలేదా నీకు!" అని కళ్లొత్తుకుంటూ తిట్టేది.

అలా ఏళ్లు గడిచి, పెరట్లో జానెడు పాత కుండలో ఉన్న ఒక్క తల్లి మొక్కే మిగిలింది. ఈసారి దాని చుట్టూ ఏడు పిలకలు లేచాయి. మంగతాయి ఏడు కుండలు వరసగా పెట్టి కత్తి తీసింది.

"ఆగు తాయమ్మా!" అంది తల్లి మొక్క. "ఈ ఒక్క చలికాలం పిల్లల్ని నా దగ్గరుంచు. ఇవి కూడా పోతే నేనిక తట్టుకోలేను."

"మతిపోయిందా నీకు? జానెడు కుండలో ఎనిమిదిమందా? ఊపిరాడక చస్తారు!"

"నీకెలా తెలుసు?"

"నాకు తెలియక ఎవరికి తెలుస్తుందే! చిన్నప్పుడు ఒక్క గదిలో తొమ్మిదిమందిమి పడుకునేవాళ్లం. అక్క మోకాలు నా వీపులో, తమ్ముడి కాలు నా నోట్లో. ఒకళ్లు పక్కకి తిరగాలంటే తొమ్మిదిమందీ తిరగాల్సిందే."

"అప్పుడు చలేసేదా తాయమ్మా?"

మంగతాయి కత్తి కిందికి దించింది. ఆవిడ తిట్టకుండా జవాబివ్వడం జన్మలో అదే మొదటిసారి.

"లేదు," అంది చిన్నగా. "చలంటే ఏమిటో పెళ్లయి ఈ ఇంటికొచ్చాకే తెలిసింది."

కత్తి తీసుకెళ్లి చూరులో దోపింది. "ఉంటే ఉండండి, ఊడితే ఊడండి! తర్వాత నన్ననకండి!" అని విసవిసా లోపలికి పోయింది. పోయిందే గానీ, ఆ చలికాలమంతా తలుపు సందులోంచి తొంగిచూస్తూనే ఉంది.

మంచు రానే వచ్చింది. "అబ్బో, ఎనిమిదిమందే! ఇవాళ నాకు విందు!" అంటూ కుండలో వేలు పెట్టింది.

"గట్టిగా పట్టుకోండర్రా!" అని అరిచింది తల్లి.

పిలకలు తల్లి వేళ్లని పట్టుకున్నాయి. తల్లి పిలకల్ని పట్టుకుంది.

"అమ్మా, వీడు నా మీదెక్కాడు!" అంది చిన్న పిలక.

"ఎక్కనీ! వెచ్చగా ఉందా, లేదా?"

"ఉంది."

"అయితే నోర్మూసుకో."

పట్టుకోగా పట్టుకోగా వెంట్రుకల్లాంటి వేళ్లు బలిసి, చిటికెన వేలంత లావయ్యాయి. మంచు ఎటు తడిమినా ఖాళీ మట్టి దొరకలేదు. "ఛీ, కాలు పెట్టే చోటు కూడా లేదు!" అని గొణుక్కుంటూ కొండ దిగిపోయింది.

ఎండలొచ్చాయి. "ఏమర్రా, పూయరా?" అని పిలిచాడు సూర్యుడు. పూయాలనే ఉంది. ఎనిమిది కాడలు లేవడానికి చోటేది? అందుకని పిల్లలంతా తమ మొగ్గల్ని తల్లి కాడలోకే తోసేశారు. కాడ పొడుగ్గా లేచి, కొసన ఒక్కసారి విచ్చుకుంది. ఒకటా, రెండా! ఆకాశాన్ని తుంచి ఉండ చుట్టినట్టు నీలిపూల బంతి! ఆ ఊపుకి కింద కుండ కూడా ఫట్‌మంది.

మంగతాయి పరిగెత్తుకొచ్చింది. "నా కుండ పగలగొట్టారు కదర్రా, కోతిమూకా!" అని తిడుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. కొత్త కుండ తెచ్చింది. పాతదానికంటే రెండు వేళ్లే పెద్దది.

పొరుగింటి సింగారమ్మ ఊరుకుంటుందా? "నాకో పిలక ఇవ్వవే తాయీ" అని వెంటపడింది. మంగతాయి మొహం మాడ్చుకుని ఒకటిచ్చింది. సింగారమ్మ దాన్ని పెద్ద బానలో నాటింది. ఆ ఏడాది పూయలేదు. మరుసటేడూ పూయలేదు.

"ఏమే, ఎరువు చాలలేదా?" అని బతిమాలింది సింగారమ్మ.

"ఎరువెవరికి కావాలి? నా వాళ్లేరి?" అంది పిలక, మూతి ముడుచుకుని.

అప్పటినుంచే నీలిగుత్తి వేళ్లు లావుగా, ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. విడదీస్తే ఏడాదో రెండేళ్లో అలుగుతుంది. పెద్ద కుండలో ఒంటరిగా పెడితే ఆకులే చూపిస్తుంది. కుండనిండా పిల్లలు చేరి, కాలు కదపడానికి చోటు లేకపోతేనే, ఇవాళ్టికీ, నీలంగా నవ్వుతుంది.