ధూపం చాటున

ఒక రాజుకు లేక లేక కొడుకు పుట్టాడు. ఆ మాసంలోనే నగరానికి దగ్గు జాడ్యం వచ్చింది.

రాజు కోట తలుపులన్నీ మూయించాడు. లోనికి వచ్చే ధాన్యాన్ని ఎండలో ఆరబోయించాడు. నీటిని కాయించాడు. బండి చక్రాలను సైతం కడిగించాడు. కంటికి కనిపించే మార్గమేదీ ఆ మహమ్మారికి మిగల్చలేదు.

ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. పురిటిగదిలోకి గాలి చొరరాదు. గవాక్షాలలో దూది కుక్కుతారు. ఉయ్యాల చెంత సాంబ్రాణి ధూపం ఆరనివ్వరు. అంతఃపుర కాంతలందరూ చుట్టూ కూర్చుండి లాలిపాటలు పాడతారు. పాట ఆగితే బిడ్డ ఆయువు తరుగుతుందని వారి నమ్మిక.

రాజమాత గొంతెత్తి పాడుతూ పాడుతూ దగ్గింది.

"అమ్మా, ఒంట్లో కులాసాగా ఉందా?" అని రాజు అడిగాడు.

"నాకేం నాయనా! పొగ గొంతుకు పట్టింది. నువ్వు పుట్టినప్పుడు ఇంతకు రెట్టింపు వేశాం. నువ్వేమైనా కరిగిపోయావా?"

కాంతలు పకపక నవ్వారు. ఆ నవ్వులో మరి ఇద్దరు దగ్గారు. పొగలో దగ్గేవారిని ఎవరు శంకిస్తారు?

మంచం మీది రాణి నవ్వలేదు. "ప్రభూ, ఒక్క కిటికీ తీయించండి. నాకే ఊపిరాడడం లేదు. పసికందు ఎలా తాళుతాడు?"

"బిడ్డకు గాలి తగలనిస్తానా? బయట వీచేది ఏ గాలో తెలుసా నీకు?"

"లోపల నిలిచినది ఏ గాలో మీకు తెలుసా?"

అంతలో ఒక గవాక్షంలోని దూది సడలి, సన్నని కిరణం గదిలోకి దిగింది. ఆ వెలుగుబాటలో రేణువులు అసంఖ్యాకంగా తేలియాడుతున్నాయి. రాజమాత పాడిన ప్రతి చరణానికీ కదిలి, ఉయ్యాల వైపు సాగుతున్నాయి. ఆమె ఊపిరి నుండి వెలువడిన జాడ్యపు రౌతులు, కరచరణాలు లేనివారు, బరువు తెలియని ఆ వాహనాలపై ఎక్కి కూర్చున్నారు. రౌతులను రాజు చూడలేదు. ఆయనకు కనిపించినది దుమ్ము మాత్రమే.

"నా బిడ్డ గదిలో ఇంత దుమ్మా! మూయండి ఆ రంధ్రం!" అని గద్దించాడు.

దాసి దూది కుక్కింది. కిరణం మాయమైంది. దానితోపాటే రేణువులూ కనబడకుండా పోయాయి.

"ఇప్పుడు నిర్మలంగా ఉంది" అని రాజు తృప్తిపడ్డాడు. రాణి ముఖం గోడవైపు తిప్పుకుంది.

మొదట రాజమాత గొంతు ఆగింది. పిదప ఒక్కొక్క కాంతే పాటలోనుండి తొలగింది. చివరకు రాణి ఒక్కతే ఎండిన పెదవులతో లాలి పాడుతూ ఉయ్యాల ఊపింది. ఒక ఉదయం ఉయ్యాల ఊగుతూనే ఉంది. లోపల బిడ్డ కదలలేదు.

బిడ్డను మట్టికి అప్పగించి వచ్చి, రాజు తన చేతులతోనే గవాక్షంలోని దూదిని పెరికివేశాడు. కిరణం వచ్చి ఖాళీ ఉయ్యాల మీద పడింది. రేణువులు ఎక్కడికీ పోలేదు. ఆయన ఊపిరి పీల్చినప్పుడు దగ్గరకు వచ్చాయి. విడిచినప్పుడు ఇంచుక తొలగాయి.

రాజు దగ్గాడు.

"ప్రభూ!" అని గుమ్మం దగ్గరి భటుడు ఉలికిపడ్డాడు.

"ఏమీ లేదురా. పొగ" అన్నాడు రాజు, అలవాటు కొద్దీ.

అని, ధూపపాత్ర వైపు చేయి చాచాడు. అందులోని బూడిద చల్లగా తగిలింది.