పటంలో ఎర్రగా ఉన్న సముద్రం

నాకు తెలివి ఎక్కువన్న సంగతి నేనెప్పుడూ దాచుకోలేదు. దాస్తే అబద్ధమాడినట్టే కదా. మా బావమరిది ఎల్లాజీకి నా అంత లేదు గాని, నేను చెప్పింది నమ్మేటంత ఉంది. మా పడవకి అది చాలు.

ఆ వేళ కొత్తల్లుడు మొదటిసారి భోజనానికొచ్చాడు. "సముద్రం పక్కనుండి అల్లుడికి పప్పు పెడితే ఊళ్ళో తలెత్తుకోలేను. చేపతోనే రండి," అంది నా పెళ్ళాం కొర్లమ్మ.

రేవులో చేపల ఆఫీసు మేడం నా ఫోన్‌కి ఓ పటం పంపి వివరంగా చెప్పింది. "వానలయ్యాక ఏటినీళ్ళు కలిసి సముద్రంలో సన్న నాచు పెరుగుతుంది. ఆ పచ్చదనాన్ని పైనుంచి ఉపగ్రహం కొలుస్తుంది. ఎక్కువున్నచోట పటంలో ఎరుపు, తక్కువైతే నీలం. ఎండాకాలంలో అంతా నీలమే. ఇప్పుడు చూడండి, ఎంత ఎరుపో! చేపలు మేతకి అక్కడికే వస్తాయి."

అంతే, ఎర్రనీళ్ళు వెతుక్కుంటూ బయల్దేరాం.

కాస్త దూరం పోయేసరికి నీళ్ళు పచ్చగా చిక్కబడ్డాయి. కవళ్ళ చేపలు ఎగిరెగిరి పడవలోనే పడుతున్నాయి.

"బావా, వలేద్దామా?"

"పచ్చగా ఉంటే ఎలా వేస్తాంరా? మేడం ఎరుపు కదా చెప్పింది!"

ఎల్లాజీ పడవలో పడ్డ చేపల్ని కూడా ఏరి, మర్యాదగా నీళ్ళలో వదిలేశాడు. "మీరు తప్పు చోట తిరుగుతున్నారర్రా," అని వాటికి బుద్ధి కూడా చెప్పాడు.

ఎంత తిరిగినా ఎరుపన్నది కనపడలేదు. "ఉపగ్రహం అబద్ధమాడదు. సముద్రమే మాట వినట్లేదు," అన్నాను. ఇంకేముంది, పడవకి పూయడానికి తెచ్చుకున్న ఎర్రరంగు డబ్బా ఒంపేశాం. నీళ్ళు ఎర్రబడ్డాయి. వలేశాం. వలా ఎర్రబడింది. చేపలు మాత్రం పారిపోయాయి.

"ఇంత సముద్రానికి ఒక్క డబ్బా ఏం సరిపోతుంది!" అని ఎల్లాజీ బాధపడ్డాడు.

ఉత్తచేతుల్తో తిరిగొస్తూ పటం చూశాను. మా రేవు దగ్గర తెల్లటి మచ్చ! మేడంకి ఫోన్ చేశాను.

"అక్కడ మబ్బు పట్టింది దానయ్యగారూ. ఉపగ్రహానికి సముద్రం కనపడలేదు," అంది.

"విన్నావురా ఎల్లాజీ? అంత పైనుంచి చూసేదానికే కనపడలేదంటే, అక్కడ సముద్రం లేనట్టే."

"లేని సముద్రంలో పడవ నడిపితే నవ్విపోతారు బావా. దిగి నడిచిపోదాం."

అంతే, రేవు దగ్గరపడగానే వల భుజాన వేసుకుని ఇద్దరం దిగాం. నిండా మునిగాం. పడవ దాని దారిన అది పోయింది. ఒడ్డునున్న అల్లుడు పరుగున దూకి, మమ్మల్ని వలతో సహా బయటికి లాగాడు.

కొర్లమ్మ వలకేసి చూసింది. "ఏటి పడింది?"

"మేమే," అన్నాడు ఎల్లాజీ.

అల్లుడికి పప్పే పెట్టాం. పాపం, పైకి నవ్వకుండానే తిన్నాడు. సముద్రం లేనిచోట అన్ని నీళ్ళు ఎలా వచ్చాయో మాత్రం నాకింకా తెలీలేదు.