గుడ్డులో దాచిన ఎండ

ఒకప్పుడు కోడిగుడ్డు పగలగొడితే లోపల అంతా తెలుపే. పచ్చసొన అన్నదే లేదు. ఆ గుడ్లలోంచి వచ్చే పిల్లలు కూడా తెల్లగా, పల్చగా ఉండేవి. కియ్యిమనేవి కావు. బూడిదలో నడిచినా వాటి కాలి గుర్తు పడేది కాదు.

పొద్దున్నే కొండమీంచి పొగమంచు దిగి వచ్చేది. "తెల్లనివన్నీ నావే," అనేది మెల్లగా. పిల్లలు నోరెత్తకుండా దాని వెంట నడిచి వెళ్లిపోయేవి. మంచు విడిపోయాక చూస్తే వాకిట్లో ఒక్క ఈక కూడా ఉండేది కాదు.

ఆ కొండ కింద పోలమ్మ అని ఒంటరి మనిషి ఉండేది. ఆమెకు తోడల్లా ఒక్క కోడి, బొల్లి. మంచుకు భయపడి దాన్ని ఎప్పుడూ గంప కిందే మూసి ఉంచేది. ప్రేమకొద్దీ తెల్లటి నూకలే ఏరి ఏరి వేసేది. పచ్చాకు కనిపిస్తే చాలు, "ఛీ, మేకల తిండి!" అని ఊడ్చి పారేసేది.

అయినా పిల్లలన్నీ మంచుపాలే. బొల్లి ముసలిదైపోయింది. ఇంకొక్క విడత గుడ్లు పెడితే ఎక్కువ.

ఒకనాటి ఉదయం తలుపు సందులోంచి మంచు వేలు చాపింది. "పోలమ్మా, ఈసారి పిల్లలతోపాటు తల్లినీ తీసుకుపోతాను. చూసుకో, అదీ తెల్లబడింది."

పోలమ్మ గంప దగ్గరికి పరుగెత్తింది. ఎత్తి చూస్తే బొల్లి తలమీద ఎర్రజుట్టు సున్నంలా పాలిపోయి ఉంది.

"ఏమేవ్, ఇంత మంచి నూకలు వేశానే!"

"నువ్వు వేసేదీ తెలుపే, నేను పెట్టేదీ తెలుపే. ఇంకేం వస్తుందత్తా? నీ ప్రేమ సంతకెళ్లా, ముందు నన్ను బయటికి వదులు!"

"బయట అదుందే!"

"లోపలికి రాలేదా ఏం?"

పోలమ్మ గంప పక్కన పెట్టింది. బొల్లి తూలుకుంటూ దడి దగ్గరికి పోయింది. రాలిన మునగాకు పొడుచుకు తింది. బంతిమొక్క ముందు ఆగింది.

"నాలో బోలెడంత ఎండ దాచుకున్నాను, తిను," అంది బంతిపువ్వు. "కానీ నా వేళ్లు చలికి బిగుసుకుపోయాయి. నువ్వూ నీ పిల్లలూ మన్ను గీరి వదులు చేస్తుండాలి, సరేనా?"

"గీరుతాం," అంది బొల్లి, రేకులు మింగుతూ.

రోజూ ఆకూ పువ్వూ తిన్నాక బొల్లి జుట్టు మళ్లీ ఎర్రబడింది, ఆఖరి గుడ్లు పెట్టింది. పోలమ్మ ఒకదాన్ని దీపానికి అడ్డంపెట్టి చూసింది. లోపల చిన్న పొద్దు మెదులుతోంది!

మంచు ఊరుకుంటుందా? పెంకులోంచి లోపలికి ఇంకింది. ఆ పచ్చదాన్ని ముట్టుకుంది. "అమ్మో, కాలింది!" అంటూ వెనక్కి జరిగింది. అయినా పోలేదు. దాని చుట్టూ చుట్టుకుని, "చల్లారేదాకా కూర్చుంటాను," అంది.

"కూర్చో," అంది బొల్లి, రెక్కలు చాపి గుడ్లమీద సర్దుకుంటూ. "నేనూ కూర్చుంటాను."

పిల్లలు పచ్చగా, గొంతు చించుకుంటూ బయటికొచ్చాయి. పోలమ్మ వాకిట్లో బూడిద చల్లింది. దానినిండా బుల్లి బుల్లి కాళ్ల గుర్తులు!

అప్పటినుంచే కోళ్లు మన్ను గీరుతున్నాయి, గుడ్డులో పచ్చసొన ఉంటోంది. దాన్ని చుట్టుకుని, ఎప్పుడు చల్లారుతుందా అని తెల్లసొనలో మంచూ కాచుకునే ఉంది. కోడికి ఆకూ అలమూ లేకుండా ఉత్త నూకలే వేసి చూడండి, పచ్చసొన పాలిపోతుంది. మంచు ఇంకాస్త దగ్గరికి జరిగిందన్నమాట.